నల్లబట్టల గుంపు వరుసలో నిలబడితే

మా ఆఫీసులో ఒక తెలుగు మిత్రుడున్నాడు. గిటారు బాగా వాయిస్తాడు, హెవీ మెటల్ గురించి గట్టి అభిప్రాయాలున్నవాడు. ఒకరోజు భోజన విరామంలో అతడికి ఒక గోతిక్ విజువల్ కేయ్ బ్యాండు స్వయంగా విడుదల చేసిన కచేరీ వీడియో చూపించాను. విజువల్ కేయ్ అంటే ముఖానికి రంగులు పూసుకుని, భారీ వేషాలు వేసుకుని వాయించే జపాన్ రాక్ శైలి; అందులో చావునూ చీకటినీ పాత చర్చిలనూ తలపించే ధోరణి గోతిక్. వేదిక మీద నల్లటి లేసు గౌనులు తొడుక్కుని, ముఖాలకు తెల్లటి రంగు పూసుకున్న మగవాళ్లు చెవులు చిల్లులు పడేలా వాయిస్తున్నారు. కింద అమ్మాయిలంతా ఒకే లయకు, ఒకే వైపుకు, ఒకేసారి చేతులు తిప్పుతున్నారు. అతడు చూసినంతసేపు చూసి, "ఇది రాక్ కచేరీ ఎలా అవుతుంది? బళ్లో డ్రిల్లు పీరియడులా ఉంది" అని తేల్చేశాడు.

ఆ మాట కొత్తదేమీ కాదు. జపాన్‌లో కచేరీలు చూసివచ్చిన విదేశీయులు చాలామంది దాన్నే ఇంకొంచెం మర్యాదగా అంటూంటారు: ప్రేక్షకులు మరీ బుద్ధిమంతులని, మరబొమ్మల్లా కదులుతారని, రాక్ సంగీతానికి ఉండవలసిన తెగింపు అక్కడ కనబడదని. ఈ మధ్య టోక్యోలోని ఇకెబుకురోలో ఒక నేలమాళిగ లైవ్ హౌస్‌లో, అంటే బ్యాండ్లు వాయించే చిన్న హాల్లో, జరిగిన గోతిక్ కచేరీకి వెళ్లివచ్చాక, ఇది గదికి బయట ఉన్నవాడికి మాత్రమే తోచే విమర్శ అన్న నమ్మకం నాకు కలిగింది. ఆ హాల్లో కనిపించే క్రమశిక్షణ రాక్ సంగీతానికి పట్టిన తెగులని నేననుకోను. అంత ఇరుకు గదిలో, అంత భీకరమైన సంగీతాన్ని, అంత దగ్గరగా, ఎక్కువగా ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు నిర్భయంగా వినగలుగుతున్నారంటే దానికి ఆధారం ఆ క్రమశిక్షణే. దానికొక ధర కూడా ఉంది. ఆ ధర ఎవరు చెల్లిస్తున్నారన్న ప్రశ్న నన్ను ఇంకా తొలుస్తూనే ఉంది కనుక, చివరికి దాని దగ్గరకూ వస్తాను.

మెట్ల దగ్గర మొదలయ్యేది

ముందుగా గది కొలత చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. రెండు వందల మంది దిగితే నిండిపోయే గది అది. వేదిక నా నడుము ఎత్తు కూడా ఉండదు. మొదటి వరుసకూ గాయకుడి బూట్లకూ మధ్య ఒక ఇనుప కడ్డీ, దాని అవతల మూరెడు ఖాళీ, అంతే. కుర్చీలు లేవు, కిటికీలు లేవు, బయటికి పోవడానికి ఒకటే తలుపు, దాని వెనక నిటారైన మెట్లు. ఇలాంటి చోట ఏదైనా తేడా వస్తే పరిగెత్తడానికి దారి ఉండదని, హైదరాబాదు సిటీ బస్సుల్లో ప్రయాణించి పెరిగిన ఏ ఆడపిల్లకైనా అడుగు పెట్టగానే లెక్క తేలిపోతుంది.

టికెట్టు మీద ఒక నంబరు ఉంటుంది. తలుపులు తెరిచే వేళకు అందరూ ఆ నంబర్ల ప్రకారం వీధిలో గోడవారగా నిలబడతారు, లైవ్ హౌస్ కుర్రాడు మెట్ల దగ్గర నిలబడి నంబర్లు పిలుస్తాడు, పిలిచినవాళ్లు దిగుతారు. ఎవరూ ఎవరినీ తోయరు, తమ నంబరు దాటిపోయినవాళ్లు తలవంచి వెనక్కి వెళ్లిపోతారు. కిందికి దిగగానే టికెట్టు ధరతో సంబంధం లేకుండా పానీయానికి మరో ఆరు వందల యెన్లు కట్టాలి. లైవ్ హౌసుల్లో చాలా వరకు చట్టం దృష్టిలో తినుబండారాలూ పానీయాలూ అమ్మే దుకాణాలే కావడం వల్ల ఈ ఆచారం స్థిరపడింది. సంచీలు, కోట్లు లాకర్లలోకి వెళ్లిపోతాయి. ఫోన్లు జేబుల్లోంచి బయటికి రావు, ఫొటోలు తీయడం నిషేధం కనుక. చేతులు ఖాళీగా ఉన్న గుంపు అది, ఈ సంగతి తరవాత పనికొస్తుంది.

ఆ వరుసలో కొందరు పూర్తి వేషంలో వచ్చారు. మాలిస్ మిజేర్ బ్యాండు గిటారిస్టు మానా 1999లో తన దుస్తుల సంస్థ పెట్టినప్పటి నుంచి ఈ రంగానికి ఒక రూపం ఏర్పడిపోయింది: నల్లటి గంట ఆకారపు గౌను, తెల్లటి లేసు, శిలువలు, నీలం గులాబీలు. కాని అలా వచ్చినవాళ్లు తక్కువే. ఎక్కువమంది ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్లు. నా ముందు నిలబడ్డ ఆవిడ మెడలోని ఆఫీసు గుర్తింపు కార్డు తీసి సంచీలో పెట్టుకుని, జుట్టు విప్పి, కళ్లద్దాలు తీసి లెన్సులు పెట్టుకోవడం చూశాను. అదంతా వీధి దీపం కింద, చిన్న అద్దం పట్టుకుని, ఏ హడావిడీ లేకుండా చేసింది.

చేతులు చేసే పని

ఆ సాయంత్రం ఐదు బ్యాండ్లు వంతులవారీగా వాయించాయి. ఇలాంటి కలగలుపు కచేరీని తైబాన్ అంటారు. నేను వెళ్లింది నాలుగో బ్యాండు కోసం. పెద్ద పేరున్నది కాదు, ఆ పేరు ఇక్కడ అనవసరం కూడా. నల్లటి తెర వెనక నుంచి రికార్డు చేసిన ఆర్గన్ వాద్యం మొదలైంది, పొగ కమ్మింది, తెర తొలిగింది. ఒక్కొక్కరే వచ్చి వాద్యాల దగ్గర నిలబడుతుంటే హాలు నలుమూలల నుంచి వాళ్ల పేర్లు గొంతులు చించుకుని పిలిచారు. చివర వచ్చిన గాయకుడి చేతిలో మూడు కొమ్మల దీపపు సెమ్మె ఉంది, అందులో వెలుగుతున్నది బ్యాటరీ జ్వాల అని ముందు వరుసల్లో ఎవరికైనా తెలుస్తుంది. నవ్వు రావలసిన చోటే. కాని డబుల్ బాస్ డ్రమ్ము మొదలై ఛాతీ లోపల మోగేసరికి నవ్వు ఊసే లేకుండా పోయింది.

చేతుల సంగతి చెప్పాలి. ప్రతి పాటకూ ఒక కదలిక ఉంటుంది, దాన్ని ఫురిత్సుకే అంటారు. పల్లవి దగ్గర రెండు చేతులూ గాయకుడి వైపు పూవు విచ్చినట్టు చాచడం, వేగం పెరిగిన చోట నడుము నుంచి ముందుకు వంగి లేస్తూ జుట్టు విసరడం, ఒక చోట అరచేతిని విసనకర్రలా ఊపడం, ఇంకో చోట వరుస వరుసంతా కుడికీ ఎడమకూ పరుగులాంటి నడక. వీటిని ఎవరూ ప్రకటించరు. తెలిసినవాళ్లు చేస్తారు, తెలియనివాళ్లు ముందున్న వీపును చూసి రెండో చరణానికల్లా నేర్చుకుంటారు. వీడియోలో ఇది డ్రిల్లులా కనిపిస్తుందన్నది నిజమే, ఎందుకంటే కెమెరా పైనుంచి చూస్తుంది. గుంపు మధ్యలో నిలబడ్డ మనిషికి తెలిసేది వేరు: పక్కనున్న మోచెయ్యి ఎప్పుడు ఎటు వెళుతుందో ముందే తెలుసు కాబట్టి నా మోచెయ్యి దానికి తగలదు. ఒక చదరపు మీటరులో ముగ్గురు నలుగురు మనుషులు పూర్తి బలంతో తల విసురుకుంటున్నా ముక్కులు పగలకపోవడానికి కారణం అందరూ ఒకే వైపుకు విసరడమే. మా మిత్రుడు ఇష్టపడే మెటల్ కచేరీల్లో గుంపు మధ్యలో గుండ్రంగా ఖాళీ చేసుకుని ఒకరినొకరు గుద్దుకుంటారు, అందులో ఆనందం ఉండే ఉంటుంది. కాని నా ఎత్తూ బరువూ ఉన్న ఆడమనిషి ఆ ఆనందాన్ని గోడకానుకుని చూడవలసిందే.

దీనికి ఎదురుగా పెట్టదగిన ఉదాహరణ ఆ రాత్రే దొరికింది. చివరి పాటకు ముందు గాయకుడు "రండి" అని కేకపెట్టగానే నా చుట్టూ ఉన్నవాళ్లు చకచకా చెవి రింగులు తీసి జేబుల్లో వేసుకున్నారు. పాట మొదలయ్యాక వెనక వరుసలవాళ్లు ముందువాళ్ల వీపుల మీదికి ఎగిరి వేదిక వైపు తోశారు. దీన్ని గ్యాకుదై అంటారు. అది ఏ రకంగానూ సున్నితమైన వ్యవహారం కాదు, నాకు ఊపిరాడలేదు. ఆ తొక్కిడిలో ఒకావిడ కళ్లద్దాలు ఊడి పడ్డాయి. వెంటనే పక్కనున్న ముగ్గురు బయటికి వీపులు పెట్టి, చేతులు గొలుసుగా పట్టుకుని, ఆవిడ చుట్టూ ఒక గుండ్రం కట్టారు. ఆవిడ వంగి అద్దాలు తీసుకుని లేచింది. గుండ్రం విడిపోయింది. ఆ ముగ్గురూ మళ్లీ ఎవరి వీపు మీదికి వాళ్లు ఎగరసాగారు. పాట ఆగలేదు, ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇది యంత్రాలు చేసే పని కాదని మా మిత్రుడితో చెబితే, "సరే, మంచి మనుషులు. కాని రాక్ కాదు" అన్నాడు.

శిలువలు, ఆర్గన్, నమ్మకం

మా మిత్రుడి రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. ఆ శిలువలకూ ఆర్గన్‌కూ ఆ గదిలో అర్థమేమిటని అడిగాడు. జపాన్ జనాభాలో క్రైస్తవులు నూటికి ఒకరి ప్రాంతంలో ఉంటారు. యూరప్‌లో గోతిక్ సంగీతానికి వెనక చర్చి ఉంది, దాని మీద భయం ఉంది, కోపం ఉంది, దాన్ని ధిక్కరించి సమాజంలో మాటపడ్డ చరిత్ర ఉంది. ఇక్కడ తలకిందుల శిలువ చూసి నొచ్చుకునే తాతగారు ఎవరి ఇంట్లోనూ లేరు. ధిక్కరించడానికి ఎదురుగా ఎవరూ లేనప్పుడు మిగిలేది అలంకారమే కదా అన్నది అతడి ప్రశ్న.

పడమటి వేషం వేసుకున్నందుకు జపానీయులు ఎగతాళిపడడం ఇది మొదటిసారి కాదు. 1883లో టోక్యోలో రోకుమేయ్‌కాన్ అనే భవనం కట్టి, దొరల ముందు తామూ నాగరికులమేనని చూపించుకోవడానికి మంత్రులూ వాళ్ల భార్యలూ పారిస్ గౌనుల్లో బాల్ డాన్సులు చేశారు. దొరలు వాటికి హాజరై, తాగి, తిని, వెనక నవ్వుకున్నారు. మెగురోలో 1980లో తెరిచిన ఒక లైవ్ హౌస్ ఆ భవనం పేరే పెట్టుకుంది. ఎక్స్, లూనా సీ వంటి బ్యాండ్లు పేరుకు రాకముందు వాయించింది అక్కడే. ఆ పేరు పెట్టినవారి మనసులో ఏముందో గాని, పడమటివాళ్ల మెప్పు కోసం వేసిన వేషం ఎవరి మెప్పూ అక్కర్లేని వేషంగా మారిన చోటుకు అంతకన్న తగిన పేరు దొరకదు.

అయినా అసలు ప్రశ్న అలాగే ఉంది. నమ్మకం లేని చోట ఆ గాంభీర్యం ఎక్కడి నుంచి వస్తుంది? మాలిస్ మిజేర్ చరిత్రలో దీనికి కొంత జవాబు ఉందనుకుంటాను. 1999 ఆరంభంలో గాయకుడు గాక్ట్ విడిపోయాడు. ఆ ఏడాది జూన్‌లో డ్రమ్మరు కామి చనిపోయాడు. మిగిలిన ముగ్గురు తరువాతి ఏడాది తెచ్చిన ఆల్బమ్ ఆర్గన్‌తో, బృందగానంతో నిండిన శోకగీతంలా ఉంటుంది. 2000లో టోక్యోలోని బుడోకాన్ అనే పెద్ద హాల్లో జరిగిన కచేరీలకు వేదిక మీద పెద్ద చర్చి ముఖద్వారాన్నే నిలబెట్టారు. చనిపోయిన స్నేహితుడి కోసం అరువు తెచ్చుకున్న చర్చి అది. అలాంటి దుఃఖం లోపల ఉన్నప్పుడు పై రూపం ఎక్కడిదన్నది పెద్ద విషయం కాదనిపిస్తుంది. కాని ఇకెబుకురో నేలమాళిగలో నేను చూసిన కుర్రాళ్లకు అలాంటి కథ ఏదీ లేదు. వాళ్లకు ఉన్నది బ్యాటరీ దీపమూ, బహుశా ఇంటి దగ్గర కుట్టుకున్న అంగీలూ మాత్రమే.

అయినా మూడో పాటలో ఒక చోట నాకు ఒళ్లు జలదరించింది. పాట నిదానమైనది, ఫురిత్సుకే లేనిది. గిటార్లు ఆగిపోయి గాయకుడి గొంతు ఒక్కటే మిగిలినప్పుడు రెండు వందల మందిలో ఒక్కరు దగ్గలేదు, కాలు కదపలేదు, బారు దగ్గర గ్లాసు చప్పుడైనా లేదు. పాట అయ్యాక కూడా చప్పట్లు కొట్టలేదు, చివరి స్వరం స్పీకర్లలో పూర్తిగా ఆరిపోయేదాకా ఆగారు. ఆ దీపానికీ ఆ శిలువకూ గౌరవం అక్కడి నుంచి వచ్చింది. వేరే దేశంలో మతం ఇచ్చే బరువును ఇక్కడ గుంపు తన నిశ్శబ్దంతో ఇస్తోంది. బ్యాండు సగం కడితే మిగతా సగం వినేవాళ్లు కడతారు. ఎవరైనా ఒక్కరు ఈల వేస్తే కూలిపోయే కట్టడం అది, అందరికీ ఆ సంగతి తెలుసు. మా మిత్రుడు "తెగింపు" అంటున్నదాన్ని ఆ గదిలోకి తెస్తే ముందు చచ్చేది ఆ పాటే.

"వాళ్ల స్వభావమే అంత" అన్న మాట

ఇలా చెప్పినప్పుడల్లా నాకు వినిపించే జవాబు ఒకటుంది: జపానీయులు పుట్టుకతోనే అలాంటివాళ్లు, అందులో గొప్పేముంది? ఈ జవాబును నేను అస్సలు ఒప్పుకోను. 1987 ఏప్రిల్ 19న టోక్యోలోని హిబియా ఆరుబయలు వేదిక దగ్గర ఒక పంక్ బ్యాండు కచేరీలో గుంపు వేదిక వైపు ఒక్కసారిగా తోసుకురావడంతో ముగ్గురు యువజనులు నలిగి చనిపోయారు. ఆ కాలంలోనే ఎక్స్ బ్యాండు లైవ్ హౌసుల్లో చేసిన అల్లరి కథలుగా చెప్పుకునేవారు. అంటే ఆ తరం ప్రేక్షకులు ఏమీ బుద్ధిమంతులు కారు. నంబర్ల వరుస, వరుసల మధ్య అడ్డంగా పెట్టే కడ్డీలు, తోసుకోవడానికి కూడా ఒక పాటనూ ఒక సమయాన్నీ కేటాయించుకోవడం, ఇవన్నీ దెబ్బలు తిని, భయపడి, ఏళ్ల తరబడి నేర్చుకున్నవి.

నేర్చుకున్నది కాబట్టే ఎవరైనా నేర్చుకోవచ్చు. 2024 డిసెంబరులో హైదరాబాదు ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక సినిమా ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. ఆ వార్త చదివిన రోజుల్లో, టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో మా తెలుగువాళ్లం కలిసినప్పుడల్లా హీరో తప్పా, పోలీసుల తప్పా, థియేటరు తప్పా అనే చర్చే నడిచింది. గుంపులో నిలబడే మనుషులకు తమలో తాము ఒక పద్ధతి ఉండవచ్చునన్న ఆలోచన ఎవరి నోటా రాలేదు. మన అభిమానం ఎక్కువ, వాళ్ల అభిమానం తక్కువ అని మాత్రం అనకండి. ఇకెబుకురోలో నా పక్కన నిలబడ్డ ఆవిడ ఆ బ్యాండు వాయించే ప్రతి ఊరికీ, సెలవు దొరికినప్పుడల్లా, రాత్రి బస్సుల్లో వెళుతుందట.

కొవిడ్ కాలం ఇంకో పరీక్ష పెట్టింది. 2020 ఆరంభంలోనే ఒసాకా లైవ్ హౌసుల్లో వ్యాధి వ్యాపించడంతో ఆ రంగమంతటికీ చెడ్డపేరు వచ్చింది. తరవాత హాళ్లు తెరిచినా 2023 ఆరంభం దాకా చాలా చోట్ల గొంతెత్తి అరవడం నిషేధంగానే ఉండేది. ఈలలూ కేకలూ తప్ప మరో భాష లేని ప్రేక్షకులు ఆ రోజుల్లో బొమ్మల్లా నిలబడ్డారు. విజువల్ కేయ్ అభిమానుల దగ్గర మాత్రం చేతులున్నాయి. మాస్కులు కట్టుకుని, నోరు మెదపకుండా, పాట పాడినంతసేపూ బ్యాండుకు జవాబు చెబుతూనే ఉన్నారు.

ముందు వరుస ఎవరిది

ఇంతవరకు మెచ్చుకోలే రాశాను. ఇప్పుడు నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి. నా టికెట్టు నంబరు చిన్నదే కావడంతో మొదటి బ్యాండు వేళకు నేను రెండో వరుస మధ్యలో నిలబడ్డాను. కాసేపటికి ఒకావిడ వచ్చి, నడుము దాకా వంగి, క్షమించమని అడిగి, ఆ చోటు ఈ బ్యాండుకు వేరే వాళ్లదని చెప్పింది. నేను పక్కకు జరిగాను. నంబరు ప్రకారం ఆ చోటు నాదే. కాని నంబరుకు పైన ఇంకో చట్టం నడుస్తోంది: పాతకాపులు మొదటి వరుసల చోట్లను తమలో తాము పంచుకుంటారు, ఏ బ్యాండు వంతుకు ఎవరు ఎక్కడ నిలబడాలో ఒకరిద్దరు నిర్ణయిస్తారు. దీన్ని షికిరి అంటారు. ఎక్కడా రాసి ఉండదు, ఫిర్యాదు చేయడానికి కార్యాలయమూ లేదు. చాలా బ్యాండ్లు దీన్ని నిషేధిస్తున్నామని ప్రకటనలు ఇస్తాయి, అయినా అది నడుస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చిన పదహారేళ్ల పిల్లను అలా పక్కకు జరిపితే ఆ పిల్ల మళ్లీ వస్తుందా అన్నది నా అనుమానం. మర్యాదగా చేసినంత మాత్రాన పెత్తనం పెత్తనం కాకపోదు.

కాని కథ అక్కడ ఆగలేదు. మూడో బ్యాండు అయిపోగానే అదే ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చి, మీరు ఎవరి కోసం వచ్చారని అడిగింది. చెప్పాను. నా మోచేయి పట్టుకుని మొదటి వరుస కడ్డీ దగ్గర, గిటారిస్టుకు ఎదురుగా, ఒక చోట నిలబెట్టి వెనక్కి వెళ్లిపోయింది. ఆ చోటులో అంతదాకా ఉన్న అమ్మాయికి తను వచ్చిన బ్యాండు వంతు అయిపోయింది కనుక ఇచ్చేసింది. తనకు అక్కర్లేని బ్యాండుకు ముందు వరుసను పట్టుకుని కూర్చోవడం ఇక్కడ అన్నిటికన్న పెద్ద తప్పు. నన్ను జరిపిన చట్టమే నన్ను ముందుకు తెచ్చింది. దాంతో నా కోపం చల్లారిందని చెప్పను, ఎందుకంటే ఆవిడ ఇవ్వకపోయినా నేను చేయగలిగింది ఏమీ లేదు. కాని నంబరు చట్టం ఒక్కటే ఉంటే, తొందరగా టికెట్టు కొన్న మనిషి ఐదు బ్యాండ్లకూ కడ్డీ పట్టుకుని వేలాడుతుంది, వేదిక మీదివాళ్లు తమను పట్టించుకోని ముఖాలను చూస్తూ వాయించాలి. ఈ రెండు చట్టాల్లో ఏది మేలో నేను తేల్చుకోలేదు.

లెక్క ఎవరు కడతారు

లైవ్ హౌసుల్లో చాలా చోట్ల టికెట్టు చింపే మనిషి, "ఈరోజు ఏ బ్యాండు కోసం వచ్చారు?" అని అడిగి, జవాబును ఒక కాగితం మీద గీత గీసి లెక్కపెట్టుకుంటారు. కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదది. చిన్న బ్యాండ్లకు నోరుమా అనే కోటా ఉంటుంది. ఇరవై టికెట్లు అమ్మాలని ఒప్పందం ఉందనుకుందాం. పన్నెండు మందే ఆ బ్యాండు పేరు చెబితే, మిగతా ఎనిమిది టికెట్ల సొమ్మును వాయించిన కుర్రాళ్లే జేబులోంచి కట్టాలి. అంటే వేదిక మీద అరగంట వాయించి, డబ్బు ఎదురిచ్చి ఇంటికి వెళతారు. హాలు ఖాళీగా ఉంటే వచ్చే నష్టాన్ని లైవ్ హౌస్ బ్యాండు మీదికి నెడుతుంది.

బ్యాండు దాన్ని ఎవరి మీదికి నెడుతుంది? కచేరీ అయ్యాక వెనక బల్ల దగ్గర జవాబు దొరుకుతుంది. ఇందాక దీపపు సెమ్మె పట్టుకున్న మనిషే, చెమటకు కరిగిన రంగుతో, బల్ల వెనక నిలబడి చెకిలు అమ్ముతుంటాడు. ఫ్యూజీఫిల్మ్ 1998లో తెచ్చిన అప్పటికప్పుడు బొమ్మ వచ్చే కెమెరాతో తీసిన చిన్న ఫొటోలవి. మూసిన కవరులో ఇస్తారు, ఎవరి ఫొటో వస్తుందో కొన్నాకే తెలుస్తుంది. కావలసిన మనిషి వచ్చేదాకా కొనేవాళ్లున్నారు. అతడితో కలిసి ఫొటో దిగాలంటే ఇంకా ఎక్కువ. ఖరీదైన కానుకలిచ్చే అభిమానులున్నారన్నదీ, అందుకోసం రాత్రి ఉద్యోగాలు చేసేవాళ్లున్నారన్నదీ ఈ రంగంలో అందరూ ఎరిగినదే.

నా వాదనకు అన్నిటికన్న గట్టి దెబ్బ ఇక్కడే తగులుతుంది. చేతులెత్తమంటే ఎత్తే గుంపు, కొనమంటే కూడా కొంటుంది. హాల్లో నేర్పిన విధేయతనే బల్ల దగ్గర సొమ్ము చేసుకుంటున్నారని ఎవరైనా అంటే, అలా కానే కాదని నేను అనలేను. అయితే ఈ రెంటినీ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. కళ్లద్దాలు పడ్డ మనిషి చుట్టూ గుండ్రం కట్టమని వేదిక మీద నుంచి ఎవరూ చెప్పలేదు. ఫురిత్సుకే కూడా ఎక్కువభాగం అభిమానుల నుంచి అభిమానులకే చేరుతుంది. కొన్ని బ్యాండ్లు వీడియోలు పెట్టి నేర్పుతున్న మాట నిజమే అయినా, ఆ రాత్రి నాకు నేర్పింది ముందున్న వీపే. ఆ పద్ధతి కింది నుంచి పుట్టింది. చెకి వ్యాపారం కోటా నుంచి, అంటే పైనుంచి వచ్చింది. ఇంకో సంగతి, కచేరీ అయ్యాక మెట్ల మీద అమ్మాయిలు కవర్లు విప్పి, తమకు వచ్చినవాటిని ఒకరితో ఒకరు మార్చుకుంటున్నారు. కొనిపించడానికి వేసిన ఎత్తుకు అక్కడే, ఐదు నిమిషాల్లో, పైసా ఖర్చు లేకుండా విరుగుడు కనిపెట్టారు. విధేయులైన మనుషులు చేసే పనిలా లేదు అది.

ఈ ఏర్పాటు లేకపోతే ఆ గదులు నిలబడతాయా అన్నది కూడా ఆలోచించాలి. విజువల్ కేయ్‌కు నిలయంలాంటి తకదానొబాబాలోని ఏరియా అనే లైవ్ హౌస్ 2021 చివర మూతపడింది. టోక్యో అద్దెలకు రెండు వందల మంది గది, వారం మధ్యలో, బేరం కాదు. కోటా తీసేస్తే లైవ్ హౌసులు మూసేస్తారని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. కాని కోటా లేకుండా, తలుపు దగ్గర వచ్చిన సొమ్మునే పంచుకునే లైవ్ హౌసులు కూడా ఉన్నాయి కనుక అది తిరుగులేని వాదమని నేననుకోను.

నావంతుగా నేను చేయగలిగింది చాలా చిన్నది. టికెట్టు చింపే మనిషి అడిగినప్పుడు, నాకు ప్రత్యేకంగా ఎవరి మీదా మనసు లేని రోజుల్లో, ఆ సాయంత్రం అందరికన్న ముందు వాయించే కొత్త బ్యాండు పేరు చెబుతున్నాను. వాళ్ల కాగితం మీద ఒక గీత పెరుగుతుంది, ఒక టికెట్టు సొమ్ము తగ్గుతుంది. ముందు వరుసలో నాకు చోటిచ్చిన ఆవిడతో ఈ మాట అంటే ఆవిడ ఒప్పుకోలేదు. మీలాంటివాళ్లు ముగ్గురు నలుగురు పోగైతే ఆ కుర్రాళ్లు తమకు అభిమానులున్నారనుకుని ఇంకో ఏడాది అప్పులు చేస్తారు, నిజంగా ఇష్టమైతేనే పేరు చెప్పండి, లేకపోతే ఎవరి కోసమూ రాలేదని చెప్పండి అంది. తను ఇలాంటి బ్యాండ్లు విడిపోవడం చాలా చూసిందట. నాకు మాత్రం, అరగంట బాగా వాయించినవాడు ఎదురు డబ్బు కట్టుకుని వెళ్లడం చూస్తూ ఊరుకోవడం కన్న, వాడి అప్పుకు కొంత కారణమయ్యానన్న నింద భరించడమే నయమనిపిస్తుంది. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.